చాలు అనేదాకా

కారు పందేల మైదానం పక్క బస, మేడ మీది గది

వదినా,

ఇక్కడ క్షేమం కాదు. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నా, ఈ ఉత్తరం చదివాక ఉండవు.

నువ్వు బిగించిన ఇంజను పోయింది. పందెంలో పోయినా కాస్త పరువుగా ఉండేది. పందెం కూడా కాదు, ఉత్త సాధన. పొడుగు దారిలో పూర్తిగా తొక్కి వెళుతున్నాను, బండి ఉన్నట్టుండి నీరసపడింది. పెద్ద చప్పుడేమీ లేదు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టయింది, అంతే. అందరూ చూస్తుండగా నెట్టుకుంటూ తెచ్చారు. పోయిన పందెంలో నా వెనకపడ్డ వాళ్లు టీ గ్లాసులు పట్టుకుని మరీ వచ్చి చూశారు.

అన్నయ్య ప్లగ్గు విప్పి స్టార్టరు తిప్పాడు. మన రోటరీ ఇంజనులో పిస్టను బదులు తిరిగే ముక్కోణపు రోటరుకి మూడు ముఖాలు కాబట్టి మూడు ఊపిరులూ సమానంగా రావాలని నువ్వే కదా నేర్పావు. ఒకటి గట్టిగా వచ్చింది. మిగతా రెండూ ముక్కు దిబ్బడ వేసినట్టు వచ్చాయి. అంటే రోటరు మూలన గాలి జారకుండా ఆపే సీలు, అదే మూల సీలు, విరిగింది. అది తెలుసుకోవడానికి ఇంజను విప్పక్కర్లేదు, మా జట్టు యజమాని ముఖం చూస్తే చాలు.

ఆయన అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? “ఇంటి వెనక షెడ్డులో ఆడమనిషి బిగించే ఇంజన్లు ఇలాగే ఏడుస్తాయి. నాసిరకం సీళ్లు వేసింది.” నా తల కొట్టేసినట్టయింది. పక్కనే నీ మొగుడు, అంటే నా తోడబుట్టినవాడు, నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి గట్టిగా నాలుగు మాటలు అంటాడనుకున్నాను. “అవునండీ, సీలు లోపమే అయి ఉంటుంది” అన్నాడు!

చివరి పందేనికి నువ్వు పంపిన రెండో ఇంజను ఎక్కిస్తున్నారు. అది కూడా పోతే నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాడట, నీ షెడ్డుకి ఇక ఇంజన్లు పంపడట. ఆ మాటా అందరి ముందే అన్నాడు. ఇప్పుడు చెప్పు వదినా, ఏం సీళ్లు వేశావు? ఎక్కడ కొన్నావు? ఫోను చేస్తే ఎత్తవు. నెలల తరబడి ఇదే వరస. ఈ కాలంలో ఉత్తరాలు రాయించుకునేది మహారాణులూ, నువ్వూ.

నీ తూనీగ

*

షెడ్డు, పనిబల్ల దగ్గర

ఆడపడుచు గారికి,

నాసిరకం సీళ్లా? ఎవరి నోటి నుంచి వచ్చిందా మాట? నేను వేసిన ప్రతి సీలునీ వేలి గోటితో తడిమి, కొలిచి, మళ్లీ కొలిచి వేశాను. నీ పెళ్లి సంబంధాలు కూడా ఎవరూ అంత జాగ్రత్తగా చూడలేదు.

సీలు ఊరికే విరగదు. సీలుని విరగ్గొడతారు. ఇంజను లోపల మంట ఒక పద్ధతిగా పాకాలి. నిప్పురవ్వ మరీ ముందుగా పడినా, గాలిలో కలిసే పెట్రోలు తగ్గి పల్చనైనా, లోపలికి వెళ్లే గాలి కాగిపోయినా, ఆ మంట పాకకుండా ఒక్కసారిగా పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. టర్బో లాంటి ఊదుడేదీ లేకుండా తన గాలి తనే పీల్చుకునే మన రోటరీ దానికి అంత తేలిగ్గా లొంగదు. కానీ లొంగిందంటే హెచ్చరికలుండవు. పిస్టను ఇంజనైతే కొన్నాళ్లు మూలుగుతుంది, ఇది మూలగదు. మూల సీలు సన్నటి రేకు, ఒక్క దెబ్బకి పటుక్కుమంటుంది. పైగా దీని పొగగొట్టం చేసే రొదలో ఆ చప్పుడు బయటికి వినబడి చావదు.

అందుకే కదా నా రాగి గొట్టం. ఒక కొస ఇంజనుకి బిగించి, రెండో కొసన రబ్బరు గొట్టం తగిలించి చెవిలో పెట్టుకుంటాను. మీ అన్నయ్య, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో తేల్చే డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని, దాన్ని వెంట్రుకవాసి ముందుకు జరుపుతూ ఉంటారు. లోపల చిటపట మొదలవగానే నేను “చాలు” అంటాను. ఆయన కాస్త వెనక్కి తిప్పి బిగిస్తారు, నేను డిస్ట్రిబ్యూటర్ మీదా, దాని కింద ఇంజను మీదా కలిసేలా తెల్ల రంగుతో గీత గీస్తాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. ఆయన చెవి పెట్టరు, నేను తిప్పను. ఒక్క ఇంజను పోయిందా ఇన్నాళ్లలో?

ఇప్పుడు ఆ మహానుభావుడికి గొట్టం పాతబడిపోయింది. ఏదో సెన్సరు తెచ్చారు, నాకింగ్ వస్తే లైటు వెలుగుతుందట. అది పిస్టను ఇంజను మీద నుంచి పీకిన సెన్సరు! దాని చెవి ఆ ఇంజను మోతకి అలవాటు పడింది. మన ఇంజను గోడ మోగే స్వరమే వేరు. ఆ మాట అంటే అలిగి, సెన్సరు డబ్బా చంకన పెట్టుకుని నీతో బయల్దేరారు. లైటు వెలగలేదు కదా అని ఇష్టమొచ్చినట్టు తిప్పుకుంటూ పోయి ఉంటారు. “చాలు” అనేవాళ్లు లేకపోతే ఆయన చేయి ఆగదు, నాకు తెలుసు. లేదా నువ్వే ఇంజను వేగం చూపే మీటరులో ఎర్రగీత దాటించి తొక్కి ఉంటావు. ఎవరు చేశారో తేల్చు. విరిగిన సీలూ, ప్లగ్గులూ మూటగట్టి పంపు.

ఫోను సంగతి అంటావా, ఫోనులో మాటలు గాలికి పోతాయి. కాగితం మీద పెడితే రేపు కాదనలేరు. పైగా మీ ఇంట్లో అందరికీ ఈ మధ్య మాట నమిలే జబ్బు పట్టుకుంది. మీ అన్నయ్యయితే మరీను, నోట్లో మాట నోట్లోనే మింగుతారు.

మండిపోతున్న నీ వదిన

*

బస, మేడ మీది గది

వదినా,

బాగుంది. ఇంజను నీది, నింద నాది. నా పాదం గురించి ఇంకొక్క మాట అన్నావంటే ఈ ఉత్తరాలు కూడా మానేస్తాను. ఎర్రగీత దాటలేదు. దాటానని ఎవరైనా అంటే వచ్చి నా ముందు అనమను.

మూట పంపుతున్నాను. సీలు ముక్కని గుడ్డలో చుట్టాను. చిన్న ప్రాణం పోయినట్టుంది చూస్తుంటే, నాకే జాలేసింది.

అన్నయ్యని నిలదీశాను. “నువ్వేనా తిప్పింది?” అంటే, “నేను ముట్టుకోలేదు. గీత ఎక్కడుందో చూసుకో” అన్నాడు. వెళ్లి చూశాను. నీ తెల్లగీత చెక్కుచెదరలేదు. పైదీ కిందదీ తిన్నగా కలిసే ఉన్నాయి. షెడ్డులో ఎలా బిగించారో అలాగే ఉంది. లైటు వెలిగిందా అంటే, లేదు, ఒక్కసారి కూడా వెలగలేదు. నా కళ్ల ముందే ఉంటుంది కదా, వెలిగితే నేను చూడనా?

మరి గీత కదలకుండా, లైటు వెలగకుండా, నేను దాటకుండా, నాకింగ్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది వదినా? నాకైతే యజమాని చెప్పిందే నిజమేమో అనిపిస్తోంది. రాయడానికి మనసొప్పడం లేదు, అయినా రాశాను.

అన్నయ్య సరిగ్గా తినడం లేదు. రెండో ఇంజను చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. డిస్ట్రిబ్యూటర్ మీద చేయి వేస్తాడు, తీసేస్తాడు. ఏమిట్రా అంటే ఏమీ లేదంటాడు. మీ మొగుడూ పెళ్లాలు ఏం దాస్తున్నారో నాకు తెలియదు కానీ, ఆ బండిలో కూర్చునేది మాత్రం నేనే.

తూనీగ

*

షెడ్డు

తూనీగా,

మూట అందింది. దీపం కింద పెట్టి చూశాను. సీలు మూల చిట్లి పోయింది. అరుగుదల కాదు, దెబ్బ. ప్లగ్గు లోపలి తెల్ల పింగాణీ పగిలి ఉంది. ఇంకేం కావాలి? నాకింగ్. నూటికి నూరుపాళ్లు నాకింగ్. నా సీలు నిర్దోషి.

అయితే అసలు సంగతి ఇప్పుడు అర్థమైంది. గీత చెదరలేదట! తెల్ల రంగు డబ్బా ఆయన దగ్గర లేదా? తిప్పారు, ఇంజను పోయింది, పాత గీత చెరిపి కొత్త గీత గీశారు. ఆ తర్వాత పదిమందిలో నిలబడి నా సీళ్లు నాసిరకమన్నారు. నా మొగుడు! పరాయివాడు అంటే పడతాను, సీలంటే ఏమిటో తెలియని యజమాని అంటే పోనీలే అనుకుంటాను. నా చేతుల్లో ఆ సీళ్లు ఎలా తయారవుతాయో రోజూ చూసిన మనిషి ఎలా అనగలిగారు? అన్నం సహించడం లేదా? ఎలా సహిస్తుంది!

నేను వచ్చి ఆ యజమాని ముందే కడిగేస్తాను. అంతకుముందు ఒక పని చెయ్యి. నా గొట్టం పంపుతున్నాను. రెండో ఇంజను ఎక్కించాక రబ్బరు కొస చెవిలో పెట్టుకో. చక్రాలు గాల్లో తిరిగేలా బండిని ఎత్తి కట్టేసి, బ్రేకుతో బరువు మోపి తిప్పమను. మామూలు రొద గురగురమని ఒకే పాటగా ఉంటుంది. నాకింగ్ అలా ఉండదు. రేకు మీద గుప్పెడు గులకరాళ్లు జారవిడిచినట్టు ఉంటుంది. ఒక్కసారి వింటే మళ్లీ మర్చిపోవు. గీత దగ్గర అది రాకూడదు. నా గీత దగ్గర రానే రాదు. అప్పుడు తెలుస్తుంది అందరికీ.

గొట్టం జాగ్రత్త. నా చెవి తర్వాత దాన్ని ముట్టుకునే చెవి నీదే.

నీ వదిన

*

బస, మెట్ల మీద కూర్చుని

వదినా,

ఇది నెమ్మదిగా చదువు. నేను కూడా నెమ్మదిగానే రాస్తున్నాను.

రెండో ఇంజను ఎక్కించారు. దాని మీద నీ గీత ఉంది, నువ్వు షెడ్డులో గీసిందే, అన్నయ్య చేయి వేశాడే గాని తిప్పలేదు. అది వచ్చిన రోజు చెక్కపెట్టె మేకులు నా ముందే పీకారు. గొట్టం పెట్టుకుని విన్నాను. నువ్వు చెప్పినట్టే గురగురమని ఒకే పాట. బరువు పెంచారు. గులకరాళ్లు. వదినా, నీ గీత దగ్గరే, గులకరాళ్లు.

“ఆపండి” అని అరిచాను. అన్నయ్య ఏం వినబడిందని అడగలేదు. నా ముఖం చూసి కళ్లు దించుకున్నాడు. కొంచెం వెనక్కి తిప్పమన్నాను. ఇంకా ఉంది. ఇంకొంచెం. గీత దాటి బాగా వెనక్కి వచ్చాక గాని ఆ చప్పుడు పోలేదు. అప్పుడు వాణ్ణి ఇంజను పక్కనే కూర్చోబెట్టి, చెప్తావా, పెద్ద స్పానరు అందుకోనా అన్నాను.

చెప్పాడు. “మీ వదినకి కుడి చెవి వినబడటం లేదే. ఏడాది నుంచీ. షెడ్డులో నేను తిప్పుతున్నాను, తను చాలు అనడం లేదు. ‘చాలా?’ అని అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగాను. ‘మాట నమలకండి, కానివ్వండి’ అంది. తర్వాతెప్పుడో చాలు అంది. నాకు అనుమానం వచ్చింది. కానీ ఆవిడ చెవిని అనుమానించడానికి నాకు నోరు రాలేదు.”

సెన్సరు తెచ్చింది నీ గొట్టం పాతబడిందని కాదు. నీ చెవి సంగతి ఎవరికీ తెలియకుండా, నీకూ తెలియకుండా, ఆ లైటు నీ బదులు వింటుందని. అది మొద్దుదని నువ్వు చెప్పినా వాడు నమ్మలేదు. సీలు విరిగాక యజమాని ముందు నాకింగ్ అని ఒప్పుకుంటే, ‘విన్నదెవరు’ అని అడుగుతారు కదా. అందుకని సీలు మీదికి తోసేశాడు. సీలు నాసిరకమైతే ఇంకో సీలు కొనుక్కోవచ్చు, నా భార్య చెవి పోయిందంటే ఇక షెడ్డు వంక ఎవరు చూస్తారు అన్నాడు. రెండో ఇంజనుకి నిప్పురవ్వ టైమింగు వెనక్కి తియ్యాలని చేయి వేసేవాడట, ఎంత తియ్యాలో తెలిసేది కాదట. వాడు చెవి పెట్టడు, నువ్వు తిప్పవు కదా!

మీ ఇద్దరి ప్రేమా చల్లగుండ. కానీ నాకు ఒళ్లు మండిపోతోంది. నువ్వు ఫోను ఎత్తనిది మాటలు గాలికి పోతాయని కాదు, వినబడకే. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా ఎంతో మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాదంతా నా సీటు వెనక గులకరాళ్లై మోగుతోంటే, నేను పూర్తిగా తొక్కి పోతున్నాను. ఆ సీలు పొడుగు దారిలో కాకుండా మలుపులో విరిగి, వెనకవాడు వచ్చి నన్ను గుద్ది ఉంటే? అప్పుడు ఎవరి మీదికి తోసేవారు?

యజమానికి ఇంకా ఏమీ చెప్పలేదు. టైమింగు వెనక్కి తీశామంటే ఎందుకని అడుగుతాడు. చివరి పందెం దగ్గర పడింది. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు. నేనైతే అబద్ధం చెప్పను.

తూనీగ

*

షెడ్డు

తూనీగా,

చేతి గడియారం కుడి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఎడమ చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది. కుడి చెవికి మళ్లీ ఆనించాను, ఈసారి గట్టిగా నొక్కి. చెవి నొప్పి పుట్టింది గాని చప్పుడు రాలేదు.

ఎంత బాగుంది! నా చెవి పోయిన సంగతి ముందు నా మొగుడికి తెలిసింది, తర్వాత నా ఆడపడుచుకి తెలిసింది, ఆఖరికి నాకు తెలిసింది. ఆ చెవి నాది. దాన్ని దాచడానికి ఆయనెవరు? నా మీద జాలిపడమని ఎవరు చెప్పారు? “నీకు వినబడటం లేదు” అని ఒక్క మాట అరిచి చెప్పి ఉంటే, కోపం వచ్చేది, గిన్నెలు విసిరేదాన్ని, రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. మూడో రోజు ఎడమ చెవికి గొట్టం మార్చుకునేదాన్ని. ఇంజను దక్కేది, నువ్వు మలుపులో క్షేమంగా ఉండేదానివి. నీ ఉత్తరంలో ఆ మలుపు మాట చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నీకేమైనా అయి ఉంటే నేను ఈ షెడ్డుకి తాళం వేసేదాన్ని.

యజమానికి నువ్వు చెప్పక్కర్లేదు. నేనే రాసేశాను. ‘సీళ్లు నాసిరకం కావు. టైమింగు ముందుకు పోయింది. అది నేను పెట్టిన గీత. నా కుడి చెవి వినడం లేదు, ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.’ అని. చేయని తప్పుకి పడ్డ మాటని ఇన్నాళ్లు మోశాను, చేసినదానికి పడటానికి నాకేం భయం? మీ అన్నయ్య పెట్టిన సాకుతో బతకడం కంటే అదే నయం. షెడ్డు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

ఇప్పుడు పని చూడు. నువ్వు కూర్చునే బండి అది. తిప్పేది ఆయన, వినేది నువ్వు. బరువు మోపి, వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరపమను. గులకరాయి ఒక్కటి రాలగానే చేయి ఎత్తు. అప్పుడు ఆ మొద్దు సెన్సరు ఏ స్వరం వినాలో మార్చే మర తిప్పుతూ పోవాలి, ఏ స్వరం దగ్గర లైటు వెలిగిందో అది మన ఇంజను స్వరం. ఎక్కువసేపు వద్దు, ఒక్క క్షణం మోగించి వెనక్కి తీసెయ్యాలి. స్వరం దొరికాక టైమింగు ఆ చప్పుడుకి బాగా వెనకనే బిగించండి. పెట్రోలు కాస్త చిక్కగా వదలమను. గాలి పీల్చే గొట్టం రేడియేటరు పక్క నుంచి వేడి గాలి మింగుతోందేమో చూసి, ముందు వైపుకి తిప్పండి. కొంచెం ఊపు తగ్గుతుంది. తగ్గనీ. ముందు బతికి రావాలి, తర్వాత గెలవాలి.

నువ్వే చాలు అను. గట్టిగా అను. గట్టిగా అంటే గాని ఆయన చేయి ఆగదు.

నీ వదిన

*

బస, సామాన్లు సర్దుకుంటూ

వదినా,

పందెం అయింది. మూడో స్థానం. ఇంజను దక్కింది. ప్లగ్గు విప్పి తిప్పితే మూడు ఊపిరులూ ఒకేలా వచ్చాయి. అది విని అన్నయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

మధ్యలో ఒకసారి లైటు వెలిగింది. అవును, వెలిగింది! ఎండ మండిపోతోంది, ఎత్తు ఎక్కుతున్నాను, రెండో స్థానంలో ఉన్నాను. నా కోపం ఎంతంటే, ఆ లైటుని గుద్దాలనిపించింది. కానీ కాలు ఎత్తాను. ఒకడు నన్ను దాటిపోయాడు. వాడి ముఖం గుర్తు పెట్టుకున్నాను, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

యజమాని ఊపు తగ్గించారని ఎగిరాడు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. “చెవిటి మనిషి దగ్గర ఇంజన్లు బిగించుకోవాలా నేను?” అన్నాడు. ఆయన్ని చేయి పట్టుకుని లాక్కెళ్లి గొట్టం చెవిలో కుక్కాను. పాత గీత దగ్గర ఒక్క క్షణం వినిపించాను, లైటు చూపించాను, వెనక్కి తీయించి మళ్లీ వినిపించాను. “ఆవిడ తన తప్పు తనే చెప్పింది. మీరు అందరి ముందూ సీళ్లు నాసిరకమన్నారు కదా, అది తప్పని అందరి ముందూ చెప్పండి” అన్నాను. ఆ మాట మాత్రం చెప్పలేదు. నా సీటు మాత్రం నాదే. నీకు వచ్చే ఏడాది ఒక్క ఇంజను ఇస్తాడట, చూద్దామని. మిగతావి ఇంకో చోటికట. ఏదో భిక్ష వేస్తున్నట్టు చెప్పాడు. నాకు నచ్చలేదు, నీకూ నచ్చదు, అయినా తీసుకుందాం.

అన్నయ్య బయల్దేరుతున్నాడు. నిన్ను తలుచుకుని ఇప్పటికే సగం చచ్చాడు. నీతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ కుడి పక్కనే నిలబడతాడు, పెళ్లి పీటల మీద కూర్చున్న వైపు అట. ఎడమ పక్క నిలబడమని చెప్పాను.

తూనీగ

*

షెడ్డు

తూనీగా,

వచ్చారు. గుమ్మంలోనే నా ఎడమ పక్కకి వచ్చి నిలబడి, వీధి వీధంతా వినబడేలా “నన్ను క్షమించవే” అని అరిచారు. నేను చెవిటిదాన్ని కాదు, ఆ చెవి బాగానే ఉంది, ఎందుకలా గొంతు చించుకుంటారు అని తిట్టాను. ఇరుగుపొరుగు వాళ్లు కిటికీలు తెరిచారు. తిట్టాల్సినవి ఇంకా చాలా మిగిలాయి, రోజుకి కొన్ని చొప్పున తిడుతున్నాను.

ఒక్క ఇంజనట! ఆ యజమాని ముఖాన ఆ ఒక్కటే ఎలా ఉండాలో అలా బిగించి కొడతాను.

మీ అన్నయ్య వెంట తెచ్చిన ఆ ఇంజనుని నిన్న పరీక్ష బల్ల మీదికి ఎక్కించాం. నేను గొట్టం ఎడమ చెవికి పెట్టుకున్నాను. కొత్త చెవి కదా, ఇంకా పని నేర్చుకుంటోంది. మీ అన్నయ్య డిస్ట్రిబ్యూటర్ పట్టుకున్నారు. జరుపుతూ పోయారు. లైటు వెలిగింది. నాకూ గులకరాయి వినబడింది, కొంచెం ఆలస్యంగా. ఆయన వెంటనే వెనక్కి తిప్పారు, లైటు ఆరిపోయింది. పని అయిపోయినట్టే, ఇక బిగించడమే.

బిగించలేదు. చేయి దాని మీదే ఉంచి నా వంక చూస్తూ నిలబడ్డారు. ఇంజను తిరుగుతోంది, పెట్రోలు తగలబడుతోంది. లైటు చెప్పింది కదండీ, ఇంకా నా ముఖంలో ఏముంది అన్నాను. ఆయన చేయి అక్కడే ఉంది.

“చాలు” అన్నాను. అప్పుడు గాని చేయి తీయలేదు.

నీ వదిన